బుజ్జికి పెద్దమ్మ ఉత్తరం: మాత్రలు ఆపేసినవాళ్ల సంగతి

చి॥ బుజ్జికి,

నీకు ఉద్యోగం వచ్చిన ఊళ్లో ఇల్లు కుదిరిందనీ, నీళ్లు మాత్రం ఉప్పగా ఉన్నాయనీ మీ అమ్మ చెప్పింది. మంచినీళ్ల టిన్ను వేయించుకో, డబ్బులకు చూసుకోకు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాటకు జవాబు అప్పుడే చెప్పేదాన్ని. వెనకాల ఎవరో పేషెంట్లు మాట్లాడుతున్నట్టు వినపడి ఊరుకున్నాను. "బీఎస్సీ నర్సింగ్ చదివింది ఇందుకా పెద్దమ్మా? పొద్దస్తమానం బీపీ చూడ్డం, షుగర్ చుక్క తీయడం, ట్యాబ్‌లో ఎక్కించడం. అయినా ఎండలో ఇంత కష్టపడేవాళ్లకు గుండె జబ్బేమిటి?" అన్నావు. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. రెండోదానికి జవాబు తెలిస్తే మొదటిది ఇంకెప్పుడూ అడగవు.

నేను ఏఎన్ఎమ్‌గా చేరిన కొత్తలో పల్లెలో గుండె జబ్బంటే పిల్లల జబ్బు. గొంతు నొప్పి వచ్చేది, జ్వరం వచ్చి తగ్గేది, తరవాత కీళ్లు వాచేవి. ఇంకొన్నాళ్లకు ఆ పిల్ల బడికి నడవలేక ఆయాసపడేది. కీళ్ల జ్వరం గుండె కవాటాన్ని పాడుచేసిందని పెద్దాసుపత్రిలో చెప్పి, మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది వేయించమని చీటీ రాసిచ్చేవారు. ఆ జబ్బు తగ్గింది గాని పోలేదు. గొంతు నొప్పని వచ్చిన పిల్లల్ని తేలిగ్గా పంపెయ్యకు. పెద్దవాళ్ల గుండెపోటు మాత్రం మా లెక్కల్లోనే ఉండేది కాదు. మా రిజిస్టర్ల నిండా కాన్పులు, టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, మలేరియా స్లైడ్లు. ఎవరైనా చేలగట్టు మీద కూలబడి పోతే ఆయువు తీరిందనేవారు, లేదా గాలి సోకిందనేవారు. పోయినవాడికి యాభై నిండకపోయినా కారణం దగ్గర "వృద్ధాప్యం" అని రాసిన కాగితాలు నేను చూశాను.

అసలు లెక్క బయటపడింది మన గోదావరి జిల్లాల్లోనే. 2003-04లో ఉభయ గోదావరుల్లో 45 ఊళ్లు తీసుకుని, లక్షా ఎనభై వేల జనాభాలో ఏడాది పొడుగునా జరిగిన ప్రతి చావు గురించీ ఇంటింటికీ వెళ్లి అడిగారు. ఎప్పుడు నొప్పి వచ్చింది, ఎక్కడ పట్టేసింది, చెమట పోసిందా, మూతి వంకర పోయిందా, ఎన్ని గంటల్లో పోయారు అని ఇంట్లోవాళ్లను కూచోబెట్టి అడిగి, ఆ కాగితాలు డాక్టర్లు చదివి కారణం తేల్చారు. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనీషియేటివ్ అని దాని పేరు. బైర్రాజు ఫౌండేషన్, జార్జ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థలు కలిసి చేశాయి. మొత్తం 1,354 చావులు. వాటిలో 32 శాతం గుండెపోటు, పక్షవాతం లాంటి గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. మేం రాత్రింబవళ్లు భయపడిన అంటురోగాల వాటా 12 శాతం. ఆ ప్రాంతపు ఊళ్లలోనే 30 ఏళ్లు దాటినవాళ్లకు రక్త పరీక్షలు చేస్తే నూటికి 13 మందికి షుగర్ తేలింది. ఇరవై ఏళ్ల కిందటి మాట ఇది. అప్పటికింకా ప్రతి ఇంటి ముందూ మోటార్ సైకిల్ లేదు, ప్రతి సందులో నూడుల్స్ బండి లేదు.

దీనికన్నా నన్ను ఆలోచనలో పడేసిన లెక్క 2014లో వచ్చింది. 17 దేశాల్లో చేసిన ఆ అధ్యయనాన్ని ప్యూర్ అంటారు, మన దేశపు పల్లెలూ అందులో ఉన్నాయి. కొలెస్ట్రాల్, పొగ, బీపీ, ఒళ్లు కదలకపోవడం అన్నీ కలిపి మార్కులు వేస్తే ఎక్కువ ముప్పు ధనిక దేశాలవాళ్లకు తేలింది, అందులోనూ పట్నాలవాళ్లకు. చచ్చిపోతున్నది మాత్రం పేద దేశాలవాళ్లు, అందులోనూ పల్లెలవాళ్లు. కష్టం చేసే ఒళ్లు కాపాడుతుందని నువ్వు అనుకున్నది అబద్ధం కాదు, కొంత కాపాడుతూనే ఉంది. ఆ కాపుదలను మించిపోయే లోటు ఊళ్లో ఇంకేదో ఉంది. ఒంట్లో ఉన్నదానికన్నా ఊళ్లో లేనిదాని వల్లే ఎక్కువమంది పోతున్నారని నాకు అర్థమైంది. ఏం లేదో చివర చెబుతాను. ముందు ఒంట్లో ఉన్నవి చూద్దాం.

అన్నిట్లోకీ బీపీని ముందు పట్టుకో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో ప్రతి నలుగురిలో ఒకరికి బీపీ తేలింది, మగవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. పై అంకె ఒక్క పది తగ్గితే గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతు తగ్గుతాయి. ఇంత చవకగా ఇంత లాభం ఇచ్చేది వైద్యంలో ఇంకోటి నాకు తెలీదు.

ఉప్పు సంగతి నీకు పుస్తకంలో చెప్పే ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలంటుంది, అంటే చిన్న చెంచాడు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక రోజంతటి మూత్రం పట్టి కొలిస్తే మనిషికి 9 గ్రాములు దాటింది. కాని "కూరలో ఉప్పు తగ్గించండమ్మా" అని చెప్పేసి వచ్చెయ్యకు. ఆ ఇంట్లో చాలా పూటలు కూరే ఉండదు. మోతుబరి ఇంట్లో ఆవకాయ నంజుకుంటారు, కూలివాళ్లింట్లో అదే కలుపుకుంటారు. నాట్ల రోజుల్లో తెల్లారకముందే చేలోకి దిగాల్సిన మనిషి చద్దన్నంలో పచ్చడి వేసుకుని పోతుంది, మధ్యాహ్నానికి క్యారేజీలో ఉప్పుచేప. కూరగాయలు తినకపోవడం, ఉప్పు ఎక్కువ తినడం మన దగ్గర రెండు వేర్వేరు తప్పులు కావు, ఒకే పేదరికం. అందుకని పెరట్లో బచ్చలిపాదు పెట్టించడం, పచ్చడికి బదులు పప్పులో ఆకు వేయించడం, ఇలాంటి దారుల్లో వెళ్లు. వేయించిన ఉప్పయితే బీపీ రాదనేవాళ్లు నీకు ఊరికి పదిమంది తగులుతారు. సైంధవ లవణం మంచిదని ఫోన్లో వీడియో చూపించేవాళ్లు ఇంకో పదిమంది. వేయించినా సోడియం ఎక్కడికీ పోదు, సైంధవంలో ఉండేది కూడా దాదాపు అంతా మామూలు ఉప్పే. చైనాలో 600 పల్లెల్లో మామూలు ఉప్పుకు బదులు, పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు అయిదేళ్లు వాడిస్తే పక్షవాతం 14 శాతం తగ్గింది. మనకూ ఆ దారి రావచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు మాత్రం ఆ ఉప్పు ప్రమాదం, నీ అంతట నువ్వు ఎవరికీ చెప్పకు.

రెండో శత్రువు నీ ఫారంలో లేదు. ముప్పు లెక్కకట్టే సీబ్యాక్ ఫారం పొగాకు అడుగుతుంది, మందు అలవాటు అడుగుతుంది, నడుము చుట్టుకొలత అడుగుతుంది, పొయ్యిలో ఏం మండిస్తారో కూడా అడుగుతుంది. నొప్పి మాత్రలు అడగదు. రోజంతా నడుం వంచి నాట్లేసిన ఆడమనిషి రాత్రి పడుకునే ముందు కిరాణా కొట్లో రెండు మాత్రలు తెచ్చుకుని మింగుతుంది. ఒక సీజనంతా, ఒక్కోసారి ఏళ్ల తరబడి. డైక్లోఫెనాక్ లాంటివి ఒంట్లో ఉప్పూ నీరూ నిలవేస్తాయి, బీపీ పెంచుతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి, గుండెపోటు ముప్పు పెంచుతాయి. పైగా నువ్విచ్చిన బీపీ మాత్ర పనితనాన్ని తగ్గిస్తాయి. ఎంత మందిచ్చినా ఎవరి బీపీ దిగడం లేదో వాళ్లను ఈ ఒక్క మాట అడుగు. "ఏమన్నా మాత్రలు వాడుతున్నావా?" అంటే లేదంటారు. నొప్పి మాత్రను వాళ్లు మందు కింద లెక్క వెయ్యరు. "ఒళ్లు నొప్పులకు ఏం వేసుకుంటావు?" అని అడిగితే కొంగు ముడి విప్పి చూపిస్తారు. ఆర్ఎంపీ దగ్గర స్టెరాయిడ్ కలిపిన పొట్లాలు కట్టించుకునేవాళ్లూ ఉంటారు. ఆయనతో తగువు పెట్టుకోకు. అర్ధరాత్రి వాళ్లు తలుపు తట్టేది ఆయన ఇంటిదే. మంచిగా మాట్లాడి నీ వైపు తిప్పుకో.

పొగాకు దగ్గర మగవాళ్లను మాత్రమే చూడకు. ఉత్తరాంధ్ర సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం ఎరిగినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. నోటి క్యాన్సర్ దానివల్లేనని అందరికీ తెలుసు, అదే పొగ గుండె నాళాలను కూడా తినేస్తుందని ఎవరూ చెప్పరు. చుట్ట సిగరెట్టు కన్నా మంచిదనే మాట కూడా వింటావు. అదేం లేదు. మానేసిన ఏడాదికి గుండెపోటు ముప్పులో అదనంగా ఉన్నది సగానికి పడిపోతుంది. "ఇన్నేళ్లు తాగాం, ఇప్పుడు మానితే ఏంటి" అనే ముసలమ్మకు ఈ లెక్క చెప్పు.

కష్టజీవులు అన్నావు కదా. ఆ మాట కూడా ఒకసారి సరిచూసుకో. కోతలు యంత్రం కోస్తోంది. వరి చేలు చేపల చెరువులైన ఊళ్లలో ఆడకూలీలకు పనే పోయింది. మగవాడు గట్టు మీదికి బండి మీద వెళ్లి, ఏరేటర్ ఆగిపోతుందేమోనని రాత్రంతా నిద్ర కాచి, పొద్దున్నే అంత అన్నం తిని పడుకుంటాడు. తిండి నాగలి దున్నిన కాలానిదే, పని మాత్రం మారిపోయింది. బజ్జీల బండి మీద పొద్దుటి పామాయిలే రాత్రిదాకా మరుగుతుంది. మనవాళ్ల నడుము చూసేటప్పుడు తెల్లవాళ్ల కొలత పనికిరాదు: మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలి. కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన మనిషిని సన్నవాడని వదిలెయ్యకు. 52 దేశాల గుండెపోటు రోగులను లెక్కేస్తే మన దక్షిణాసియావాళ్లకు మొదటి పోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతావాళ్లకన్నా దాదాపు ఆరేళ్ల ముందు. ఆ లెక్కలోనే మనోవ్యథ కూడా ఒక కారణంగా తేలింది. కౌలు అప్పు వడ్డీ ఏ మిషనూ కొలవదు. కాని మాత్ర ఎందుకు ఆపేశావంటే జవాబు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు ఊళ్లో లేనిది ఏమిటో చెబుతాను. వేసుకునే మాత్ర ఆగకుండా చూసే మనిషి లేరు. పశ్చిమ గోదావరిలో 18 పీహెచ్‌సీల కింద 54 ఊళ్లలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చి, నీలాగే ఇంటింటికీ తిప్పి, ముప్పున్నవాళ్లను గుర్తించి డాక్టరు దగ్గరికి పంపించారు. స్మార్ట్‌హెల్త్ అని ఆ పరీక్ష పేరు. ఆశాలు చక్కగా చేశారు, డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు పెరిగారు. చివరికి బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ఫలితం చదివి చాలామంది నిరాశపడ్డారు. నాకైతే అంతకన్నా ఉపయోగపడిన ఫలితం ఇంకోటి లేదు. గుర్తించడం ఒక పని, నెల నెలా మందు చేతిలో పడి నోట్లోకి వెళ్లడం వేరే పని. మొదటిది ట్యాబ్‌లో కనపడుతుంది, మీటింగులో లెక్క చెప్పడానికి పనికొస్తుంది. రెండోదే ప్రాణం నిలబెడుతుంది.

ఎందుకు ఆపేస్తారో ఊళ్లో తిరిగినదాన్ని కాబట్టి నాకు తెలుసు. "నార్మల్ వచ్చింది" అన్న మాట విని ఆపేస్తారు. నార్మల్ వచ్చింది మాత్ర వల్లేనని మనం చెప్పం. జీవితాంతం అలవాటైపోతుందని ఆపేస్తారు. అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు ఆపేస్తారు, కార్తీక సోమవారాల్లో ఉపవాసమని ఆపేస్తారు. పోయిన నెల గులాబీ మాత్ర, ఈ నెల తెల్ల మాత్ర ఇస్తే ఇది వేరే మందనుకుని పక్కన పెడతారు. కంపెనీ మారింది, మందు అదేనని ఒక్క ముక్క చెబితే చాలు. మొగుడు తనకు రాసిన మాత్రల్లో సగం పెళ్లానికి పెడతాడు, ఇద్దరికీ బీపీయే కదా అని. కువైట్ వెళ్లే ఆడపిల్ల వెళ్లేటప్పుడు ఆపేస్తుంది. మందు లేదు, వారం తర్వాత రమ్మని మనమే తిప్పి పంపిస్తే ఆ మనిషి మళ్లీ రాదు, కూలి పోగొట్టుకుని ఎందుకొస్తుంది? అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది స్టెంటు వేయించుకున్నవాళ్ల కథ. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక కూలివాళ్లకూ లక్షల ఖరీదు గుండె ఆపరేషన్లు జరిగాయి, దానికి దణ్ణం పెట్టాలి. ఇంటికొచ్చాక "బాగు చేసేశారు" అనుకుని రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్ర మూణ్ణెల్లకే మానేస్తారు. స్టెంటులో మళ్లీ గడ్డ కడితే రెండోసారి ఆసుపత్రి దాకా చేరనివ్వకపోవచ్చు. నీ ఊళ్లో స్టెంటు ఉన్నవాళ్లు ఎవరెవరో ముందు కనుక్కో.

దారి లేదని కాదు. 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ మొదట తెలంగాణతో కలిపి అయిదు రాష్ట్రాల్లో నడిచింది. పెద్ద యంత్రాలేం లేవు. ఏ మందు ముందు, చాలకపోతే ఏది తరవాత అన్నది ఒకే కాగితం మీద ఉంటుంది. మందు నెలకు సరిపడా ఒకేసారి ఇస్తారు, ఇంటికి దగ్గర్లోనే ఇస్తారు, రానివాళ్ల పేర్లు తీసి కబురు పెడతారు. అంతే. నువ్వు కూచున్న విలేజ్ హెల్త్ క్లినిక్కు సరిగ్గా ఇందుకే పుట్టింది. నాకు ఆ ఊళ్లో గది లేదు, కుర్చీ లేదు, మాత్రల డబ్బా అసలు లేదు.

పని తీరు గురించి నాలుగు మాటలు. మగవాళ్లు నీ క్లినిక్కు టైముకి రారు. పొద్దున్నే టీ కొట్టు దగ్గరికి నువ్వే వెళ్లు, సర్పంచి గారితో ఒక మాట చెప్పించుకుని మరీ. టీ తాగి చుట్ట కాల్చిన వెంటనే బీపీ చూడకు, అరగంట ఆగు. చెయ్యి బల్ల మీద ఆనించి, మాట్లాడించకుండా, రెండుసార్లు చూడు. ఒక్కసారి ఎక్కువొచ్చిందని భయపెట్టకు. గర్భిణులకు బీపీ చూసేటప్పుడు ఆ అంకె కాన్పుతో అయిపోయిందనుకోకు. గుర్రపువాతం వచ్చిన తల్లులకు ముందు ముందు గుండె జబ్బు ముప్పు ఎక్కువ, వాళ్ల పేర్లు విడిగా రాసిపెట్టు. అంగన్‌వాడీ టీచరుతో స్నేహంగా ఉండు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెల్లో 1987 నుంచి 90 దాకా జరిగిన పరీక్ష ఒకటుంది. అందులో సగం ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు పదమూడేళ్లు దాటాక చూస్తే, పెట్టని ఊళ్ల పిల్లలకన్నా వాళ్ల రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. గుడ్డు పంచే అంగన్‌వాడీ టీచరు కూడా గుండె డాక్టరేనని ఆవిడకు చెప్పు, సంతోషిస్తుంది.

ఇక పోటు వచ్చిన రోజు. ఊళ్లో దాని మొదటి పేరు గ్యాస్. సోడా తాగిస్తారు, వాము నమిలిస్తారు, వీపు రాస్తారు, ఆర్ఎంపీ సూది వేస్తాడు, తెల్లారాక చూద్దామంటారు. ఆ తెల్లారేలోపు గుండె కండ కొంత చచ్చిపోతుంది. ఛాతీ పట్టేసి, చెమట పోసి, నొప్పి దవడకో చేతికో పాకితే గ్యాస్ అనడానికి ఎవరికీ హక్కు లేదు, ఈసీజీ తీశాకే అనాలి. ఆడవాళ్లకూ, షుగర్ ఉన్నవాళ్లకూ నొప్పి సరిగా తెలియకపోవచ్చు; ఉన్నట్టుండి ఆయాసం, ఒళ్లు చల్లబడటం, వాంతి మాత్రమే ఉండొచ్చు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇప్పుడు కొన్ని ఏరియా ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తున్నారు. మొదటి గంటల్లో పడితేనే దాని బలం, 12 గంటలు దాటాక దానివల్ల పెద్దగా లాభం ఉండదు. నీ ఊరికి దగ్గర్లో రాత్రిపూట ఈసీజీ తీసేది ఎక్కడ, ఆ ఇంజెక్షన్ ఉండేది ఎక్కడ అని ఈ వారమే ఫోన్ చేసి కనుక్కో. ఆస్పిరిన్ ఎవరికి, ఎంత నమిలించాలో మీ మెడికల్ ఆఫీసరును అడిగి గోడ మీద రాయించు. 2005లో 108 వచ్చి ఇన్నేళ్లయినా, కాన్పుకు పిలిచినంత తొందరగా గుండె నొప్పికి పిలవరు. ఆ అలవాటు నువ్వు చెయ్యించాలి.

ఈ నెల 104 బండి వచ్చే రోజుకు ముందు ఒక పని చెయ్యి. ట్యాబ్ పక్కన పెట్టి, పోయిన మూణ్ణెల్లలో మాత్రలకు రానివాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకో. కొత్తవాళ్లకు పరీక్షలు వారం ఆలస్యమైనా ఫర్వాలేదు, పైవాళ్లు అడిగితే నా పేరు చెప్పు. ముందు ఆ కాగితం పట్టుకుని వాళ్ల ఇళ్లకు వెళ్లు. ఎందుకు మానేశారో ఒక్కొక్కరి జవాబూ వాళ్ల మాటల్లోనే రాసి నాకు పంపించు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ